ఉన్నది ఒక ఫ్లాటు, పీఎఫ్, కాస్త పొలం. మాకూ వీలునామా కావాలా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. అడిగినాయన వయసు 41. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. కూర్మన్నపాలెంలో హోమ్‌లోన్ మీద కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది, ఈఎంఐలు ఇంకా పదకొండేళ్ళు కట్టాలి. పీఎఫ్, రెండు ఎల్‌ఐసీ పాలసీలు, 4 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. చోడవరం దగ్గర 50 సెంట్ల పొలం నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన పోయి ఆరేళ్ళయింది. అమ్మ వీళ్ళ దగ్గరే ఉంటున్నారు. భార్య, 11 ఏళ్ళ పాప, 7 ఏళ్ళ బాబు. చెల్లిని తగరపువలస ఇచ్చారు. "అన్నిటికీ నా భార్యే నామినీ. వీలునామా, ఎస్టేట్ ప్లానింగ్ అనేవి కోట్లున్న వాళ్ళకి కదా, మాకెందుకు? ఇంట్లో ఈ మాట ఎత్తితే, శుభమా అని ఇల్లు కొనుక్కుని చావు మాటలేంటని కోప్పడుతున్నారు" అని అడిగారు.

రాయండి. ఆస్తి తక్కువగా ఉంది కాబట్టే రాయాలి. కోట్లున్న కుటుంబంలో ఒక స్థలం కోర్టులో ఇరుక్కుంటే మిగతావాటితో వాళ్ళ జీవితం నడిచిపోతుంది. మీకున్నది ఒక్క ఫ్లాటు. అమ్మడానికి వీల్లేక అది మూడేళ్ళు ఆగిపోతే ఈఎంఐ, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు అన్నీ మీ భార్య మీద పడతాయి. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. కాబట్టి మనలాంటి వాళ్ళకి ఇది పన్నుల గొడవ కాదు. మీరు లేనప్పుడు ఒక్కో కాగితం మీద ఎంతమంది సంతకాలు పెట్టాల్సి వస్తుంది, వాళ్ళలో ఎంతమంది పెట్టగలరు, ఎంతమంది పెడతారు అన్నదే అసలు ప్రశ్న. వీలునామా ఆ సంతకాలను తగ్గిస్తుంది.

నేను విశాఖ సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. ఎక్కువగా వారసత్వం, పంపకాల కేసులే. మా ఆఫీసుకి వచ్చేవాళ్ళలో వ్యాపారస్తులు తక్కువ. గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం, పెందుర్తి, మధురవాడ వైపు నుంచి వచ్చే ఉద్యోగుల కుటుంబాలే ఎక్కువ. ఒక ఫ్లాటో నూట యాభై గజాల ఇల్లో, కాస్త బంగారం, ఊళ్ళో కొంచెం భూమి, ఇంతే ఉంటుంది. ఈ చిన్న ఆస్తుల మీదే అన్నదమ్ములు, వదినా ఆడపడుచులు మాటల్లేకుండా పోవడం చూస్తున్నాను. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళేం కాదు. ఎవరికి ఎంతో స్పష్టంగా లేకపోవడం వల్ల మొదలైన గొడవలే ఎక్కువ.

వీలునామా లేకపోతే మీ ఫ్లాటు ఎవరిది?

"నా తర్వాత నా భార్యదే కదా" అంటారు అందరూ. కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన పురుషుడి ఆస్తి మొదటి తరగతి వారసులకి సమానంగా వెళ్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా ఆ తరగతిలోనే ఉంటుంది. తండ్రి బతికి ఉన్నా ఆ తరగతిలో లేడు, తల్లి ఉంది. అంటే మీ ఫ్లాటు నాలుగు భాగాలు: మీ భార్యకి ఒకటి, పాపకి ఒకటి, బాబుకి ఒకటి, అమ్మగారికి ఒకటి.

ఇక్కడితో ఆగదు. అమ్మగారు కూడా ఏమీ రాయకుండా వెళ్ళిపోతే ఆవిడ నాలుగో వంతులో సగం మీ చెల్లికి, మిగతా సగం మీ పిల్లలిద్దరికీ వెళ్తుంది. అంటే మీరు ఈఎంఐ కట్టి కొన్న ఫ్లాటులో ఎనిమిదో వంతు మీ చెల్లిది. ఆవిడ మంచి మనిషే అయి ఉండొచ్చు, నాకేమీ వద్దు వదినా అనొచ్చు. కానీ ఆ మాట నోటితో అంటే చాలదు, రిజిస్టర్డ్ దస్తావేజు మీద సంతకం పెట్టాలి. అప్పటికి ఆవిడ భర్త, అత్తవారు ఏమంటారో, వాళ్ళ ఇంట్లో ఏ అవసరం ఉంటుందో ఇవాళ మనం చెప్పలేం.

దీనికంటే పెద్ద చిక్కు పిల్లల వాటా. మీ పిల్లలు మైనర్లు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం మైనర్ పేరు మీద ఉన్న స్థిరాస్తిని తల్లి అయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అనుమతి లేకుండా అమ్మితే పిల్లలు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి కొనేవాళ్ళ వకీలుకి తెలుసు, వాళ్ళకి లోన్ ఇచ్చే బ్యాంకుకి తెలుసు. అందుకే అలాంటి ఫ్లాటుని ఎవరూ ముట్టుకోరు.

2021లో కరోనా రెండో వేవ్ తర్వాత ఇలాంటివి వరసగా వచ్చాయి. ఒక కేసు చెప్తాను, వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. భర్తకి ముప్ఫై ఎనిమిదేళ్ళు, పోర్టు వైపు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. గాజువాకలో ఫ్లాటు, దాని మీద లోన్. ఇద్దరు చిన్నపిల్లలు. అతని భార్య బొబ్బిలిలో పుట్టింటికి వెళ్ళి అక్కడే ఏదైనా స్కూల్లో చేరదామనుకుంది. ఫ్లాటు అమ్మి లోన్ తీర్చేసి, మిగిలింది పిల్లల పేరున వేసుకోవాలని ఆలోచన. మంచి ఆలోచనే. కొనేవాళ్ళు కూడా దొరికారు, అడ్వాన్స్ ఇస్తామన్నారు. అప్పుడు బయటపడింది, అమ్మాలంటే పిల్లల వాటాలకి కోర్టు అనుమతి కావాలని, అత్తగారి సంతకం కావాలని. అత్తగారు రెండో కొడుకు దగ్గర ఉంటున్నారు. "నా కొడుకు సంపాదించిన ఇల్లు అమ్మేస్తావా" అని ఆవిడ బాధ ఆవిడది. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆవిడ ఒప్పుకుని, కోర్టు అనుమతి వచ్చేసరికి కొనేవాళ్ళు వేరే ఫ్లాటు చూసుకున్నారు. ఈఎంఐలు ఆగి వడ్డీ పెరిగింది. చివరికి తక్కువ ధరకి అమ్ముకుంది. ఆ అబ్బాయి తెల్లకాగితం మీద పది వాక్యాలు రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి ఉంటే ఆ అమ్మాయి ఒక్క సంతకంతో అమ్మగలిగేది.

నామినీ ఉంటే చాలదా?

నామినేషన్ తప్పకుండా ఉండాలి, కానీ అది వీలునామాకి బదులు కాదు. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇచ్చి తన బాధ్యత దింపుకోవచ్చో ఆ మనిషి. డబ్బు తీసుకున్న నామినీ దాన్ని వారసులందరి తరఫున పట్టుకున్నట్టే లెక్క. షేర్ల విషయంలో కూడా నామినీ సొంతదారు కాడని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్ కాస్త వేరు. 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే ఆ డబ్బు వాళ్ళకే చెందేలా చట్టంలో మార్పు వచ్చింది. పీఎఫ్‌కి మళ్ళీ వేరే నియమాలు. అక్కడ కుటుంబ సభ్యుల పేర్లే రాయాలి, తోడబుట్టినవాళ్ళు ఆ నిర్వచనంలోకి రారు. పెళ్ళి కాకముందు తమ్ముడి పేరు రాసి, పెళ్ళయ్యాక మార్చడం మర్చిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. కుటుంబం ఏర్పడ్డాక ఆ పాత నామినేషన్ చెల్లదు. మీరు ఇవాళే పీఎఫ్ పోర్టల్‌లో లాగిన్ అయి ఈ-నామినేషన్ ఎలా ఉందో చూసుకోండి.

2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. భార్య పేరు ఒక్కటే ఉంటే, ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే ఆ నామినేషన్ వల్ల ఉపయోగం లేదు. అందుకే రెండో పేరు కూడా పెట్టమంటాను. వీలునామాలో రాసినదీ, నామినేషన్‌లో ఉన్నదీ ఒకటే పేరు అయ్యేలా చూసుకోండి. రెండు చోట్ల రెండు పేర్లు ఉంటే గొడవకి మనమే దారి వేసినట్టు.

ఇంకో రెండు సంగతులు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఈడీఎల్‌ఐ అనే ఇన్సూరెన్స్ కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. మీ బ్యాంకు ఖాతాలో ఏడాదికి 436 రూపాయలు కట్ అవుతున్నాయంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, దాని కింద 2 లక్షలు. ఈ రెండూ ఉన్నాయని తెలియక క్లెయిమ్ చేయని కుటుంబాలు మా దగ్గరికి వస్తుంటాయి. మీ భార్యకి ఈ పేర్లు తెలుసా? ఈ రాత్రికే చెప్పండి.

హోమ్‌లోన్ గురించి కూడా ఒక మాట. లోన్ ఉన్న ఫ్లాటుని వీలునామాలో రాసినా అప్పు దానితోనే వస్తుంది. లోన్‌కి ఇన్సూరెన్స్ ఉందో లేదో బ్యాంకులో కనుక్కోండి, ఉంటే ఆ కాగితం ఇంట్లో పెట్టండి. లేకపోతే టర్మ్ పాలసీ తీసుకోండి, తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద కావాలని ఫారంలో టిక్ పెట్టండి. అప్పుడు ఆ డబ్బు మీ భార్యాపిల్లలదే, మీకు అప్పిచ్చినవాళ్ళు దాని మీదకి రాలేరు. పాలసీ తీసుకున్నాక ఈ మార్పు చేయడం కుదరదు కాబట్టి ముందే అడగాలి.

మీ భార్య కూడా రాయాలి

ఇది చాలామంది అసలు ఆలోచించరు. హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి ముందు భర్తకి, పిల్లలకి వెళ్తుంది. వాళ్ళెవరూ లేకపోతే తర్వాత వరస ఆవిడ తల్లిదండ్రులది కాదు, భర్త వారసులది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినదైతే పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకి తిరిగి వెళ్తుంది కానీ, సొంత జీతంతో కొన్నది అత్తింటి వైపుకే.

ఎంవీపీ కాలనీలో ఒక టీచరమ్మ. భర్త ముందే పోయారు, పిల్లలు లేరు. సొంత జీతంతో కొనుక్కున్న ఫ్లాటు. చివరి అయిదేళ్ళు ఆవిడని కనిపెట్టుకుని ఉన్నది చెల్లెలి కూతురు. ఆస్పత్రికి తిప్పింది, వండిపెట్టింది, రాత్రిళ్ళు పక్కన పడుకుంది. "ఈ ఇల్లు నీదేనే" అని ఆవిడ అందరి ముందూ అంటూ ఉండేవారట. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆవిడ పోయాక భర్త తమ్ముళ్ళు వచ్చారు. చట్టం వాళ్ళ వైపే ఉంది. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, చుట్టుపక్కలవాళ్ళంతా సాక్ష్యం చెప్తారండీ అంది. నోటిమాటతో స్థిరాస్తి రాదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు చెప్పిన ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి గొడవలు రాకుండా మహిళలు వీలునామా రాసుకోవాలని కోరింది. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు, ఒంటరిగా ఉంటున్నవాళ్ళు దీన్ని వాయిదా వేయకండి.

పైన చెప్పినదంతా హిందువులకి. చదివేవాళ్ళలో అందరూ ఉంటారు కాబట్టి చెప్తున్నాను. క్రైస్తవులకి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడింట రెండు వంతులు. పిల్లలుంటే తల్లికి వాటా రాదు. పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దవుతుంది. ముస్లింలు సాధారణంగా ఆస్తిలో మూడో వంతు వరకే వీలునామా రాయగలరు, అంతకు మించితే వారసుల ఒప్పుదల ఉండాలి.

ఎలా రాయాలి

స్టాంపు పేపర్ అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. తెలుగులోనే రాయండి, మీకు పూర్తిగా అర్థమయ్యే భాషలో ఉండడమే మంచిది. చట్టం అడిగేది తక్కువే: మీరు స్థిమితమైన మనసుతో, ఎవరి బలవంతం లేకుండా రాయాలి, సంతకం పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి, మీ ముందు వాళ్ళూ సంతకం చేయాలి. ప్రతి పేజీ మీద సంతకం, చివర తేదీ. కొట్టివేతలుంటే ఆ పేజీ మళ్ళీ రాయడం మేలు.

సాక్షులను ఎంచుకోవడంలోనే చాలామంది పొరపాటు పడతారు. రేపు వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకి వచ్చి, నా ముందు సంతకం పెట్టారని చెప్పాలి. మీకంటే పదేళ్ళు పెద్దవాళ్ళను, రేపో మాపో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిపోయే పక్కింటివాళ్ళను పెట్టుకోవద్దు. మీకంటే చిన్నవాళ్ళు, విశాఖలోనే ఉండేవాళ్ళు, ఆస్తిలో ఏమీ రానివాళ్ళు కావాలి. ఆఫీసులో ఇద్దరు తోటి ఉద్యోగులు చాలు. లోపల ఏం రాశారో వాళ్ళకి చెప్పనవసరం లేదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. అయినా చేయించమంటాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి సాక్షులతో, ఆధార్ కార్డులతో వెళ్తే అయిపోతుంది. ఖర్చు కూడా చాలా తక్కువ. రిజిస్టర్ అయినంత మాత్రాన ఎవరూ సవాలు చేయలేరని కాదు. కానీ కాగితం పోదు, సంతకం మీది కాదనే వాదన బలహీనపడుతుంది, తర్వాత జీవీఎంసీలో పన్ను పేరు మార్పుకో తహసీల్దార్ ఆఫీసులో మ్యుటేషన్‌కో, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పుకో, వెళ్ళినప్పుడు అడ్డు తక్కువ. మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిగా రాసినదే చెల్లుతుంది. పాతది రిజిస్టర్ అయి ఉంటే కొత్తది కూడా రిజిస్టర్ చేయించండి. మన ప్రాంతంలో వీలునామాకి ప్రొబేట్, అంటే కోర్టు ధ్రువీకరణ, తీసుకోవడం తప్పనిసరి కాదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి.

ఆస్పత్రి మంచం మీద రాయాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. ఒక తండ్రి ఐసీయూలో ఉండగా పెద్ద కొడుకు తానే కాగితం రాయించి, తన స్నేహితులనే సాక్షులుగా పెట్టి, వేలిముద్ర వేయించాడు. ఆ పెద్దాయన కోరిక నిజంగా అదే అయి ఉండొచ్చు కూడా. కానీ లాభం పొందేవాడే ముందుండి రాయించిన వీలునామాను కోర్టు అనుమానంతో చూస్తుంది, ఆ అనుమానాలన్నీ తీర్చే భారం అతని మీదే ఉంటుంది. చెల్లెళ్ళు దావా వేశారు. అన్నాచెల్లెళ్ళు ఇప్పుడు వాయిదాల రోజున కోర్టు వరండాలోనే కలుస్తున్నారు. మీకు 41. ఆరోగ్యంగా ఉన్నారు. ఇదే సరైన సమయం. అరవై దాటినవాళ్ళకైతే అదే రోజు డాక్టరు దగ్గర, మనసు స్థిమితంగా ఉందని ఒక సర్టిఫికెట్ తీసుకోమంటాను.

మీ వీలునామాలో ఏముండాలి

మీ పరిస్థితికి నేనైతే ఇలా చెప్తాను. ఫ్లాటు పూర్తిగా భార్యకి. పిల్లల మీద ప్రేమతో వాళ్ళ పేర్లు కూడా రాయాలనిపిస్తుంది, కానీ మైనర్ల పేరు రాయగానే మళ్ళీ కోర్టు అనుమతి దగ్గరికే వస్తాం. భార్య నాకంటే ముందే గానీ, నాతో పాటే గానీ పోతే ఫ్లాటు పిల్లలిద్దరికీ సమానంగా అని ఒక వాక్యం. అలాంటప్పుడు పిల్లలకి గార్డియన్‌గా ఎవరుండాలో పేరు, ముందుగా వాళ్ళని అడిగి ఒప్పించి. జాతీయ రహదారి మీద భార్యాభర్తలు ఒకే బండి మీద తిరిగే ఊరు మనది, ఈ వాక్యం వదిలేయకండి. మీ భార్య వీలునామాలో కూడా అదే గార్డియన్ పేరు ఉండాలి. వీలునామాని అమలు చేసే వ్యక్తిగా భార్యనో, నమ్మకమైన ఇంకొకరినో పేర్కొనండి.

అమ్మగారి సంగతి జాగ్రత్తగా ఆలోచించండి. ఫ్లాటు మొత్తం భార్యకి రాస్తే అమ్మగారికి చట్టం ఇచ్చే నాలుగో వంతు పోతుంది. ఆవిడ మిమ్మల్ని నమ్ముకుని ఉన్న మనిషి. బతికినంత కాలం ఇంట్లో ఉండే హక్కు రాయొచ్చు, కానీ అప్పుడు ఇల్లు అమ్మడం కష్టమవుతుంది. నా సలహా, ఆ 4 లక్షల ఎఫ్‌డీని గానీ, ఒక ఎల్‌ఐసీ పాలసీని గానీ అమ్మగారికి కేటాయించండి, నామినీగా కూడా ఆవిడ పేరే పెట్టండి. ఎందుకు అలా చేశారో వీలునామాలో రెండు మాటలు రాయండి. "మా అమ్మ మీద ప్రేమ లేక కాదు, ఆవిడ ఖర్చులకి చేతిలో డబ్బు ఉండాలని" అని రాయడానికి ఏ చట్టం అడ్డు చెప్పదు. కారణం రాసి ఉన్న వీలునామా మీద గొడవపడేవాళ్ళు తక్కువ.

వీలునామా బదులు ఇప్పుడే భార్య పేరు మీదకి గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేద్దామా అని కొందరు అడుగుతారు. లోన్ ఉన్నంతవరకు మీకు అది బ్యాంకు ఒప్పుకోకుండా కుదరదు. లోన్ లేని పెద్దవాళ్ళకి కూడా తొందరపడవద్దంటాను. వీలునామా మార్చుకోవచ్చు. గిఫ్ట్ రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. కొడుకు పేర ఇల్లు రాసేసి, తర్వాత అదే ఇంట్లో వరండాలో మంచం వేసుకున్న తల్లిదండ్రులను చూశాను. తప్పదనుకుంటే, మమ్మల్ని జీవితాంతం పోషించాలనే షరతుని దస్తావేజులోనే రాయించండి. 2007 వయోవృద్ధుల సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కి వెళ్ళి గిఫ్టుని రద్దు చేయించుకునే దారి ఉంటుంది. ఆ షరతు రాసి లేకపోతే పోరాటం ఎక్కువవుతుంది.

ఇంకో మాట. భూమి దేవస్థానానిదా కాదా అనే వివాదం ఉన్న సింహాచలం పంచగ్రామాల పరిధిలో, వేపగుంట, అడవివరం వైపు ఇళ్ళున్నవాళ్ళు, మాకు రిజిస్ట్రేషనే లేదు, వీలునామా ఎందుకు అని అడుగుతుంటారు. మీకు లేని హక్కుని వీలునామా సృష్టించదు. కానీ రేపు క్రమబద్ధీకరణ జరిగితే ఆ ఇంటి తరఫున దరఖాస్తు ఎవరు పెట్టాలి, స్వాధీనం ఎవరిది అన్న గొడవ మీ పిల్లల మధ్య రాకుండా ఆపుతుంది. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత అగ్రిమెంట్లు ఆ వీలునామాతో పాటే ఉంచండి.

వీలునామాతో పాటు ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ బ్యాంకులో ఏ ఖాతా, పాలసీ నంబర్లు, పీఎఫ్ యూఏఎన్, లోన్ ఖాతా, లాకర్, తాకట్టులో ఉన్న బంగారం, చేబదులు ఇచ్చినవి, తీసుకున్నవి, ఫ్లాటు లింకు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయి. పాస్‌వర్డ్‌లు అందులో రాయొద్దు. పదేళ్ళు ఎవరూ కదపని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్ళిపోతాయి. తర్వాత కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు, వెతకడానికి ఉద్గమ్ అనే పోర్టల్ కూడా ఉంది. కానీ ఎక్కడ వెతకాలో తెలిస్తేనే కదా. పుస్తకం ఎక్కడుందో భార్యకి, ఇంకొకరికి తెలియాలి.

ఇంట్లో అశుభం అంటున్నారన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. చావు మాటతో మొదలుపెట్టకండి. మీ భార్యని కూర్చోబెట్టి ఒకటే అడగండి: "ఈ ఫ్లాటు నీ ఒక్క సంతకంతో నడవాలా, నలుగురి సంతకాలతోనా?" వాటాల లెక్క ఒక కాగితం మీద గీసి చూపించండి. ఇలా చూపించాక నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళే ముందుగా, ఎప్పుడు రాద్దామండీ అని అడిగారు. అమ్మగారికి కూడా దాచకుండా చెప్పండి. తర్వాత ఎవరి నోటనో వింటే ఆవిడ మనసు కష్టపడుతుంది.

ఇక చోడవరం పొలం. మీ ప్రశ్నలో దాన్ని మీ ఆస్తి లెక్కలోనే వేసుకున్నారు. అది పూర్తిగా మీది కాదు. నాన్నగారు సొంతంగా కొన్నదై, వీలునామా రాయకుండా పోతే అమ్మగారికి, మీకు, మీ చెల్లికి మూడు సమాన వాటాలు. మీ వీలునామాలో మీరు రాయగలిగింది మీ మూడో వంతు గురించే. తాతగారి నుంచి వచ్చిందైతే లెక్క మారొచ్చు. అది ఏ సంవత్సరంలో, ఎలా వచ్చిందో చూడాలి, తాత ఆస్తి అన్నంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోదు. ఉమ్మడి ఆస్తే అయినా 2005 సవరణ వల్ల చెల్లికి మీతో సమానంగా హక్కుంటుంది. పెళ్ళి చేసి పంపేశాం, కట్నం ఇచ్చాం అన్న మాటలు కోర్టులో నిలవవు. ఆవిడ ఇష్టపూర్వకంగా వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. లేదా ముగ్గురూ కలిసి పంపకాల దస్తావేజు రాసుకోండి. మీరూ చెల్లీ బాగా మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లోనే అది పూర్తిచేయండి, మీ పిల్లలూ ఆవిడ పిల్లలూ కూర్చుని తేల్చుకునే దాకా ఉంచకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, కాబట్టి తహసీల్దార్ ఆఫీసులో పని మీద వెళ్ళేటప్పుడు నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత పాస్‌బుక్, 1బి, అడంగల్ కాపీలతో పాటు పాత జిల్లా పేరుతో ఉన్న కాగితాలన్నీ పట్టుకెళ్ళండి.

ఆ పొలం నాన్నగారికి కొనుగోలుగా వచ్చిందా, పంపకాల్లో వచ్చిందా, డి-పట్టానా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి) అన్నది చెప్పండి. డి-పట్టా అయితే వారసులకి వస్తుంది కానీ అమ్మకానికి వేరే ఆంక్షలున్నాయి. దస్తావేజు సంవత్సరం కూడా రాస్తే వాటాల లెక్క ఇక్కడే కింద వివరంగా రాస్తాను.